అమెరికా చార్టులో మనమ్మాయి

ఆ పాట నేను మొదటిసారి విన్నది పళ్ళ డాక్టర్ దగ్గర, నోరు తెరుచుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నప్పుడు. పైన స్పీకర్‌లో రేడియో వస్తోంది. ఒక ఆడపిల్ల గొంతు, కాస్త బొంగురుగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది. తోడు గిటార్ ఒక్కటే. నా పళ్ళు శుభ్రం చేస్తున్న అమెరికన్ అమ్మాయి కూడా మాస్క్ లోపల ఆ పాటే కూనిరాగం తీస్తోంది. పాట అయ్యాక రేడియో అతను, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ కొత్త గొంతు ఈ వారం టాప్ టెన్‌లోకి ఎక్కిందని చెబుతూ పేరు చదివాడు. నేను కుర్చీలో ఉలిక్కిపడ్డాను. చిన్నప్పుడు ఆ పిల్లను ఎత్తుకుని తిప్పాను నేను. నోట్లో గొట్టం ఉండబట్టి ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయాను.

వాళ్ళమ్మ గుంటూరులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నా రూమ్మేట్. తను ప్రేమించిన అబ్బాయిని వాళ్ళింట్లో ఒప్పుకోలేదు. అతనిది వాళ్ళు గడప దాటి లోపలికి రానివ్వని కులం, పైగా చర్చికి వెళ్ళే కుటుంబం. రిజిస్టర్ ఆఫీసులో సాక్షి సంతకం పెట్టింది నేనే. అతను నర్సింగ్ చదివాడు. పిల్లకు రెండేళ్ళు వచ్చాక ముగ్గురూ ఇంగ్లండ్ వెళ్ళి లెస్టర్‌లో స్థిరపడ్డారు. నేను పెళ్ళయ్యాక అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాను.

ఇంటికి రాగానే స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆనందంతో దాని మాట తడబడుతోంది. వచ్చే వారం న్యూయార్క్‌లో పిల్లకు ప్రోగ్రామ్ ఉందట. "శని, ఆదివారాలు నీ దగ్గర ఉంచుకోవే. హోటళ్ళలో తిని తిని చిక్కిపోయింది. కాస్త పప్పన్నం పెట్టు" అంది.

నేనింకా గెస్ట్ రూమ్‌లో దుప్పట్లు మార్చనే లేదు, మా ఆయన ఇక్కడి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టేశాడు. సాయంత్రానికి సంఘం ప్రెసిడెంట్ గారు ఫోన్ చేశారు.

ఈ సంఘం గురించి చెప్పాలి. దాని పేరులో తెలుగు అని ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం ఒకటే కులం. ఆ విషయం ఎక్కడా రాసి ఉండదు, తెలియనివాళ్ళూ ఉండరు. మేమూ ఆ కులమే. ప్రెసిడెంట్ గారికి ఒక సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ ఉంది. మా ఆయన పనిచేసేది అందులోనే. మా గ్రీన్ కార్డ్ ఫైల్ చేసిందీ వాళ్ళే. అందుకని ఆయన ఫోన్ వస్తే మా ఇంట్లో టీవీ సౌండ్ తగ్గుతుంది.

"ఏమ్మా, ఆ సింగర్ మీ ఫ్రెండ్ కూతురంటగా?"

"అవునండీ."

"మీ ఫ్రెండ్ వాళ్ళది ఏ ఊరు?"

"తెనాలి దగ్గరండీ."

"తెనాలి దగ్గరంటే ఎక్కడ? ఇంటిపేరేంటి?"

ఆయన అడుగుతున్నది నా స్నేహితురాలి గురించి కాబట్టి దాని పుట్టింటి ఇంటిపేరు చెప్పాను. అటునుంచి పెద్ద నవ్వు.

"చూశావా! మనవాళ్ళే! నేను పొద్దున్నుంచీ అంటూనే ఉన్నా, ఆ గొంతులోనే తెలుస్తోందని. వాళ్ళాయన ఏం చేస్తాడు?"

"లెస్టర్‌లో హాస్పిటల్‌లో..."

"డాక్టరన్నమాట. ఆదివారం మధ్యాహ్నం హాల్ బుక్ చేస్తున్నాం. సన్మానం చేద్దాం. ఇంగ్లండ్ నుంచి వచ్చి అమెరికా చార్టులో కూర్చుందంటే మాటలా! మనమ్మాయి!"

ఫోన్ పెట్టేశారు. గొంతులో కులం తెలుస్తుందన్న మనిషి ఆ పాట అప్పటికి వినలేదు. ఎలా తెలుసంటే, ఆదివారం స్టేజీ మీద ఆయన ఆ పాట పేరే తప్పు చెప్పారు.

స్నేహితురాలికి మళ్ళీ ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పాను. "దాన్నే అడుగు. అది చిన్నపిల్ల కాదుగా" అంది.

పిల్ల శనివారం వచ్చింది. ఒక సూట్‌కేసు, ఒక గిటార్. సన్నగా, నల్లగా, వాళ్ళ నాన్న కళ్ళతో ఉంది. వచ్చీ రాగానే వంటగదిలో స్టూల్ మీద కూర్చుని గోంగూర పప్పు కలుపుకుని తింది. ఇంగ్లండ్‌లో పేరొచ్చాక ఇక్కడ ఎంత తిరగాల్సి వచ్చిందో చెప్పింది.

"అక్కడ హిట్ అయితే ఇక్కడ ఎవ్వరికీ తెలీదు ఆంటీ. మళ్ళీ జీరో నుంచి. ఒక్కొక్క ఊరూ వ్యాన్‌లో వెళ్ళి, రేడియో స్టేషన్‌లో వాళ్ళ కాన్ఫరెన్స్ రూమ్‌లో పాడాలి. వాళ్ళు పిజ్జా తింటా వింటారు. నచ్చితే వేస్తారు."

"పాట దేని గురించే?"

"నాన్న గురించి. నైట్ డ్యూటీ చేసి పొద్దున వస్తాడు కదా, డోర్‌లో తాళం తిప్పిన సౌండ్ వస్తే నేను మళ్ళీ పడుకునేదాన్ని. అదే పాట."

అంతే. ఇంత చిన్న సంగతి. అదే ఊరూరా కార్లలో మోగుతోంది. ఆదివారం సంగతి చెప్పాను. ఎవరు పిలుస్తున్నారో, ఎందుకు పిలుస్తున్నారో కూడా చెప్పాను. వద్దంటే నేను చూసుకుంటానన్నాను. వేళ్ళు నాక్కుంటూ ఆలోచించింది.

"పాడనిస్తారా?"

"పాడకుండా ఎలా? పిలుస్తున్నదే అందుకు."

"అయితే వెళ్దాం."

హాల్ గుమ్మంలోనే పెద్ద బ్యానర్ కట్టారు. దాని మీద పిల్ల ఫొటో. పిల్ల నిలబడిపోయి చూసింది.

"ఆంటీ, అది నేను కాదు."

నిజమే. ముఖాన్ని కంప్యూటర్‌లో తెల్లగా చేసేశారు. బుగ్గలకు గులాబీ రంగు, నుదుటిన బొట్టు కూడా పెట్టారు. ఆ ఫొటోలో ఉన్నది ఏ నగల దుకాణం ప్రకటనలోనో నవ్వే అమ్మాయి. దాన్ని అప్పుడే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేయాల్సింది. కానీ ప్రెసిడెంట్ గారి భార్య వచ్చి, "రామ్మా, బంగారు తల్లీ" అంటూ భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించుకుపోయింది.

తర్వాత ఉపన్యాసాలు. ఒకాయన మన రక్తంలోనే కళ ఉందన్నాడు. ఇంకొకాయన మనవాళ్ళు ఎక్కడున్నా నంబర్ వన్నే అన్నాడు. పిల్ల పాట అప్పుడు ఉన్నది ఏడో స్థానంలో. రియల్ ఎస్టేట్ చేసే ఒకాయన అమెరికాలో బ్రిటిష్ వాళ్ళనే ఓడించామన్నాడు. ఆ పిల్ల బ్రిటిష్ సింగర్‌గానే చార్టులోకి ఎక్కిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. శాలువా కప్పారు. ఇత్తడి వీణ బొమ్మ ఇచ్చారు. ఎవరెవరి పిల్లలో వచ్చి సెల్ఫీలు దిగారు. యాంకరమ్మ మైకు పెట్టి "తెలుగులో ఒక్క డైలాగ్ చెప్పమ్మా, ప్లీజ్" అని అడిగింది. పిల్ల యాసకు హాలంతా పగలబడి నవ్వారు. నవ్వినవాళ్ళ పిల్లలు పక్క కుర్చీల్లోనే ఉన్నారు. వాళ్ళకు "అన్నం పెట్టు" అనడం కూడా సరిగా రాదు.

చివరికి ప్రెసిడెంట్ గారు మైకు అందుకుని, "లెస్టర్‌లో ప్రముఖ డాక్టర్ గారి అమ్మాయి, మన ఆడపడుచు" అంటూ పిల్లను రెండు మాటలు మాట్లాడమన్నారు.

పిల్ల శాలువా తీసి మడిచి కుర్చీ మీద పెట్టింది.

"అందరికీ థాంక్స్. చిన్న కరెక్షన్. మా నాన్న డాక్టర్ కాదు, నర్స్. ఇరవై ఏళ్ళు నైట్ డ్యూటీ చేశాడు. నాకు పాట నేర్పింది నాన్నే. నాన్నకి నేర్పింది మా నాన్నమ్మ. తను మాలపల్లెలో చర్చిలో పాడేది. మా గొంతు వాళ్ళది. ఇప్పుడు నాన్న పాట పాడతా."

ఆ ఒక్క మాట దగ్గర హాల్ ఎలా అయిందో నేను చూశాను. ఎవరూ అరవలేదు. ఎవరూ లేచిపోలేదు. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఒళ్ళోకి జారిపోయాయి. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వీడియో తీస్తున్నతను ఫోన్ దించేశాడు. పిల్ల గిటార్ పెట్టె తెరుస్తుంటే ప్రెసిడెంట్ గారు యాంకరమ్మ చెవిలో ఏదో చెప్పారు. ఆమె నవ్వు చెక్కుచెదరకుండా, "టైమ్ అయిపోయింది కాబట్టి అందరూ లంచ్‌కి ప్రొసీడ్ అవ్వండి, బిర్యానీ చల్లారిపోతుంది" అంది. మైకు ఆగిపోయింది. స్పీకర్లలో ఏదో సినిమా పాట దడదడలాడింది. పిల్ల గిటార్ మెడ పట్టుకుని స్టేజీ మీద అలాగే నిలబడి ఉంది. జనం ప్లేట్ల కోసం లైన్ కట్టారు.

ప్రెసిడెంట్ గారు నా దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగారు.

"ముందే ఒక మాట చెప్పొద్దా అమ్మా?"

"ఏం చెప్పాలండీ?"

"అదేనమ్మా. నీకు తెలియనిదేముంది."

"మీరు సింగర్‌ని పిలిచారనుకున్నానండీ."

ఆయన మా ఆయన వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. మా ఆయన ముఖం పాలిపోయింది. ఆ మర్యాద నాకు ఇప్పటికీ కంపరం పుట్టిస్తుంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే మనిషితో కనీసం పోట్లాడొచ్చు. ఇది అలా కాదు. వీళ్ళంతా ఆఫీసుల్లో ట్రైనింగులు అయినవాళ్ళు. ఎవరి మనసూ నొప్పించకూడదని సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్ళు. తమ రంగు చూసి తెల్లవాడు ఏమన్నా అంటాడేమోనని ఉలికిపడేవాళ్ళు. మైకు ఆపడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చు.

నేనూ పిల్లా అక్కడ తినలేదు. ఓక్ ట్రీ రోడ్డులో ఒక చిన్న దోసెల హోటల్‌కి తీసుకెళ్ళాను. మా ఆయన పని ఉందని ఇంటికి వెళ్ళిపోయాడు. పిల్ల దోసెను చిన్న చిన్న ముక్కలుగా తుంచుతోంది. ఇలా జరుగుతుందనుకోలేదని, సారీ అని చెప్పబోయాను.

"నాకు తెలుసు ఆంటీ. నువ్వు నిన్న చెప్పావు కదా. అందుకే ఆ మాట అన్నా."

"కావాలనే అన్నావా?"

"అవును. లెస్టర్‌లో కూడా ఒకసారి ఇలాగే అయింది, నేను చిన్నప్పుడు. ఉగాది ఫంక్షన్‌లో పాడతానని నా పేరు రాసుకుని, మేం ఎవరో తెలిశాక పిలవలేదు. నాన్న ఇంటికి వచ్చి షూస్ తుడుచుకుంటా కూర్చున్నాడు. ఇప్పుడు నేను చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తా?" చట్నీ గిన్నె పక్కకు జరిపింది. "కానీ పాడనిస్తారు అనుకున్నా. అది నిజంగా అనుకున్నా."

అప్పుడు ఏడ్చింది. దోసె ముక్క చేతిలోనే ఉంది. పక్క టేబుల్ దగ్గర కాలేజీ పిల్లలు గుర్తుపట్టి గుసగుసలాడుకుంటున్నారు. ఒకమ్మాయి వచ్చి ఫొటో అడగబోయి, ఏడుస్తోందని చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోజంతటిలో మా పట్ల సభ్యతగా ప్రవర్తించిన మనిషి ఆ అమ్మాయి ఒక్కతే.

సాయంత్రం తనను న్యూయార్క్ రైలెక్కించి వచ్చాను. అప్పటికే గ్రూపులో మొదలైంది. పొద్దున పెట్టిన పొగడ్తలన్నీ ఎవరికి వారు డిలీట్ చేసుకున్నారు. ఒకతను, చార్టులంటే అంతా డబ్బిచ్చి ఎక్కించుకునేవేనని రాశాడు. ఇంకొకతను, వెనక మిషనరీల డబ్బు ఉందని తనకు తెలిసినవాళ్ళు చెప్పారన్నాడు. ఒకావిడ, గొంతు మొదటినుంచీ తనకు మోటుగానే అనిపించిందంది. మోటు అన్న మాట చదివాక ఫోన్ పక్కన పడేశాను. వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

నేను ఒక్కటే రాశాను. "ఆ పిల్ల అమ్మానాన్నల పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది నేనే. అడగాల్సినవి ఉంటే నన్ను అడగండి." ఎవరూ అడగలేదు. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

మా ఆయన సోఫాలోంచి లేచాడు. "నీకేం, ఒక్క మాట రాసేస్తావ్. రేపు ఆఫీసులో ఆయన మొహం చూడాల్సింది నేను. గ్రీన్ కార్డ్‌కి ఐ-వన్ ఫార్టీ ఇంకా అప్రూవ్ కాలేదు తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"మరి ఏంటి? ఆ పిల్ల మనింట్లో అన్నం తింది."

ఆయన లైటు ఆపేసి పడకగదిలోకి వెళ్ళిపోయాడు. కోపంతోనో, సిగ్గుతోనో తెలియదు. నెల తిరక్కుండానే వేరే కంపెనీకి అప్లై చేయడం మొదలుపెట్టాడు. మారాడు కూడా. గ్రీన్ కార్డ్ పనంతా మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. దానికి నన్ను ఒక్క మాట అనలేదు. అంతమాత్రాన మా ఇంట్లో అంతా బాగైపోయిందని చెప్పను. ఆ ఆదివారం గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

లెస్టర్ నుంచి పిల్ల వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి.

"అమ్మాయి అంతా చెప్పిందండీ. మీకు ఇబ్బంది అయింది."

"నాకేం ఇబ్బందండీ? మీరే..."

"మాకు కొత్త కాదు కదండీ" అన్నాడు. ఆ "కదండీ" అన్న తీరు భరించలేక, వంట ఉందని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను.

పాట తర్వాతి వారం ఇంకా పైకి ఎక్కింది. ఆపై మెల్లగా దిగిపోయింది. ఇప్పుడు పిల్లకు ఇంకో పాట వచ్చింది. దాన్ని కూడా ఇక్కడి రేడియోలు బాగానే వేస్తున్నాయి.

చలికాలంలో ఒకరోజు ఇండియన్ స్టోర్‌లో ప్రెసిడెంట్ గారి భార్య ఎదురైంది. ఇద్దరం బెండకాయలు ఏరుకుంటున్నాం. అటూ ఇటూ చూసి నా పక్కకు జరిగింది.

"మా అమ్మాయికి ఆ పిల్ల పాటలంటే పిచ్చమ్మా. రోజూ వింటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినమని చెప్పా. వాళ్ళ నాన్నకి వినపడకుండా." ఏదో మంచి కబురు చెప్పినట్టు నవ్వి, నా చెయ్యి నొక్కింది. "నాక్కూడా బాగానే ఉంటాయి."

నేను సంతోషిస్తాననుకుందేమో. పిల్లలు మారుతున్నారు, రోజులు మారుతున్నాయి అనుకోవాలేమో నేను. నాకు మాత్రం ఆమె వేళ్ళ తడి నా మణికట్టు మీద అంటుకున్నట్టు అనిపించింది. అందరి కార్లలోనూ బాహాటంగా మోగే పాటను తన ఇంట్లో దొంగచాటుగా వినమని కూతురికి నేర్పుతోంది. పైగా అది నాకు చేసిన ఉపకారంలా చెబుతోంది.

"ఆయన ఉన్నప్పుడు హాల్లో పెట్టండి. వినపడేలా" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. తన సంచీలోకి బెండకాయలు గబగబా వేసుకుని, బిల్లింగ్ లైన్‌లోకి వెళ్ళిపోయింది.

నేను చెయ్యి చీర కొంగుకు తుడుచుకోబోయాను. ఒంటి మీద ఉన్నది చీర కాదు, చలికోటని గుర్తొచ్చి, దానికే గట్టిగా రుద్దుకున్నాను.