మూడోసారి లాగిన కేబుల్

రాయపురంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఆఫీసులో కంప్యూటర్లను కలిపే స్విచ్ ఒక కంపెనీది, వెనక కోల్డ్ స్టోరేజీలో ఉన్నది ఇంకో కంపెనీది, మధ్య పొడవాటి కేబుల్. చిన్న ఫైళ్లు దాటేవి, పెద్దవి సగంలో ఆగిపోయేవి. స్క్రీను మీద ఎర్రర్ల లెక్క పెరుగుతూనే ఉండేది.

రెండు కంపెనీల ఇంజనీర్లూ వచ్చారు. రొయ్యల కంపుకు ముక్కులు మూసుకుని, ఎవరి స్విచ్‌ను వాళ్లు పొగుడుకుని, కేబులే బాగాలేదని తేల్చి పోయారు. నాకు అసహ్యమేసింది. అయినా వాళ్ల మాటే పట్టుకున్నాను.

కేబుల్ వేసినాయన మాలాగే ఎప్పుడో ఈ తమిళ పట్నంలో స్థిరపడ్డ తెలుగువాడు, యాభై దాటినవాడు. అప్పటికే ఒకసారి మార్చాడు, ఇప్పుడు మూడోది లాగుతున్నాడు. మూడోసారీ ఎర్రర్లొస్తే మళ్లీ గేటు తొక్కొద్దని మేనేజరు చెప్పేశాడు.

"ఈడొక మిషను, ఆడొక మిషను. రెండూ కొట్టుకుంటే నడమ నా వైరేం జేసింది తంబీ?" అన్నాడు నిచ్చెన మీంచి.

"అన్నీ చూశానన్నా. లిస్టు రాసుకున్నా."

"సరి సరి. లిస్టు చెప్పినాక ఇంగ నేనెవురు!"

లిస్టులో నాలుగున్నాయి: పొడవు, కొనలు, పోర్టులు, సెట్టింగులు. నాలుగోదాన్ని చూడకుండానే టిక్కు పెట్టాను. ఆ సెట్టింగులు పెట్టింది నేనే కదా.

మూడో కేబుల్‌కూ ఎర్రర్లొచ్చాయి. ఆయన నిచ్చెన భుజానేసుకుని గేటు దాటాడు.

ఆ మధ్యాహ్నం రిపోర్టు కోసం సెట్టింగులు తెరిచాను. ఆఫీసు స్విచ్‌ను ఒకేసారి పంపుతూ అందుకునే ఫుల్ డూప్లెక్స్‌లో బిగించి, రెండోదాన్ని తనంతట తానే పద్ధతి ఎంచుకునే ఆటోలో వదిలేశాను. దాంతో ఇది ఎదుటివైపు చూడకుండా పంపుతూనే ఉంది, అది మాత్రం వంతుల పద్ధతికి దిగిపోయింది. తప్పంతా అక్కడే. రెండోదాన్నీ ఫుల్‌లో పెట్టాను. లెక్క పెరగడం ఆగింది.

"ఏందయ్యా, సరిపోయిందా? ఏం జేసినావు?" అన్నాడు మేనేజరు వెనకనుంచి.

"కొన వదులుగా ఉంది సార్. మళ్లీ బిగించా."

"నేను జెప్పలా! ఆ ముసలోడికి పని రాదని."

నేను తల ఊపాను. రిపోర్టులో అదే రాసి, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాను.

ఆ ఇంజనీర్లు తప్పు నిజంగానే కేబుల్‌దనుకున్నారు. నేను తెలిసి రాశాను. ఆయన మూడోసారి లాగిన ఆ కేబుల్, నేనక్కడ పని మానేదాకా ఒక్క ఎర్రరూ ఇవ్వలేదు.