అడగని కొలత

నోవై అనే ఊళ్ళో కార్ల విడిభాగాలు కొలిచే ల్యాబ్‌లో ఇంజనీరుగా పనిచేస్తూనే, చలికాలం శనాదివారాల్లో కర్లింగ్ అంపైర్‌గా కూడా కొన్నేళ్ళు డ్యూటీ చేశాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యే ముందు ఏడాది, ఫిబ్రవరిలో ఒక శనివారం, జూనియర్ అమ్మాయిల ఫైనల్‌కి నన్ను వేశారు. ఆడేవాళ్ళలో సాహితి మా స్నేహితుల అమ్మాయి. తెలిసిన పిల్ల ఉన్న మ్యాచ్ నాకొద్దని చీఫ్ అంపైర్‌కి చెప్పాను. మనుషులు లేరు, తప్పదన్నాడు.

కర్లింగ్ అంటే మంచు మీద బరువైన గ్రానైట్ రాళ్ళను వలయాలలోకి జారవిడిచే ఆట. జట్టుకు ఎనిమిది చొప్పున పదహారు రాళ్ళూ అయిపోతే ఒక ‘ఎండ్’ ముగిసినట్టు. కేంద్రానికి ఎవరి రాయి దగ్గరుంటే ఆ ఎండ్‌లో పాయింట్లు వాళ్ళవే, రెండో జట్టుకు సున్నా. ఎదుటివారి అతి దగ్గరి రాయి కంటే దగ్గరగా ఎన్ని రాళ్ళుంటే అన్ని పాయింట్లు. వలయాన్ని తాకని రాయి లెక్కలోకి రాదు. ఈ లెక్క తేల్చేది రెండు జట్ల వైస్ స్కిప్‌లే, అంటే ఉపనాయకులే. కంటితో చూసి ఒప్పుకుంటారు. తేలనప్పుడు వాళ్ళు పిలిస్తేనే అంపైర్ దూరం కొలిచే మీటరు పట్టుకుని మంచు మీదికి దిగాలి. మా ల్యాబ్‌లో కంటితో చూసి సరే అన్నవాడికి చీవాట్లు తప్పేవి కావు. ఇక్కడేమో అదే పద్ధతి. నాకు ఎన్నాళ్ళకీ మింగుడుపడలేదు.

ఆఖరి ఎండ్‌కి స్కోరు సమానం. గెలిచిన జట్టు జాతీయ పోటీలకు వెళుతుంది. సాహితికి వచ్చే ఏడు వయసు దాటిపోతుంది, ఇక జూనియర్స్ లేదు. చివరి రాయి ఆగేసరికి కేంద్రానికి అటు ఒక పసుపు, ఇటు ఒక ఎరుపు, దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి. సాహితి వాళ్ళది పసుపు. ఎర్ర జట్టు వైస్ స్కిప్ వంగి చూసి, పాయింటు మీదేనని చెయ్యి చాచింది. పసుపు జట్టు వైస్ స్కిప్‌గా సాహితి సరే అంటే చాలు, ఆట అయిపోయినట్టే.

నేను నిలబడ్డ వైపు నుంచి ఎరుపే దగ్గరగా కనిపిస్తోంది. మీటరు చేతిలోనే ఉంది, ఎవరూ పిలవరు. తెలిసిన పిల్ల కాబట్టి ఊరుకున్నాడని రేపు ఎవరైనా అంటేనో? ఆ భయం ఒకటి. నాకు తెలియకుండానే కుడికాలు మంచు మీద పడింది. ఒక్క అడుగే. వెంటనే వెనక్కి తీసుకున్నాను.

సాహితి తలెత్తి చూసింది. చాచిన చెయ్యి అందుకోలేదు.

“మెజర్ ప్లీజ్,” అంది.

మీటరు పిన్నును కేంద్రంలోని రంధ్రంలో దింపి, చుట్టూ తిప్పి, రెండు రాళ్ళకీ ముల్లు చూశాను. మళ్ళీ చూశాను. ఎరుపే దగ్గర. చేత్తో చూపించాను. సాహితి వెళ్ళి ఎర్ర జట్టు అమ్మాయిలందరికీ చెయ్యి కలిపింది.

చీఫ్ దగ్గరికి వెళ్ళి నా అడుగు సంగతి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. కొలత అడిగింది ప్లేయరే కాబట్టి ఫలితం నిలుస్తుందని, కానీ ఆ సీజన్‌లో మళ్ళీ నన్ను వెయ్యనని చెప్పాడు. న్యాయమే.

పార్కింగ్‌లో సాహితి కనిపించింది. ఏదో చెప్పబోయాను. తనే ముందు అంది: “మీరు స్టెప్ వేశారు అంకుల్. నేను చూశా. అందుకే అడిగా.”

“తప్పు చేశానమ్మా.”

“కొలత కరెక్టే కదా. కానీ అడగాలా వద్దా అన్నది నా డెసిషన్. దాన్ని మీరు తీసేసుకున్నారు.”

తర్వాత ఏళ్ళలో కొత్త అంపైర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు మీటరు పట్టుకోవడం రెండో పాఠంగా చెప్పేవాణ్ణి. మొదటి పాఠం, పిలిచేదాకా కాళ్ళు కదలకుండా నిలబడటం. అది నేర్పడానికే ఎక్కువ రోజులు పట్టేది.