అద్దానికి అంటించిన చిరునామా

మా అక్కను ఆ మాట అన్నవాణ్ణి నేను క్షమించలేదు. ఇకముందు క్షమించే ఉద్దేశమూ లేదు.

ఆర్మూర్ బస్టాండు దగ్గర వాడికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు బిట్‌కాయిన్ పంపితే ఇక్కడ ఇంటివాళ్లకు రూపాయలు ఇస్తానని చెప్పుకునేవాడు. ఊళ్లో ప్రతి దుకాణంలో క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది కదా, వాడూ అలాగే తన బిట్‌కాయిన్ చిరునామాను లామినేషన్ చేయించి ముందు అద్దానికి అంటించాడు. అంత గొప్ప వాడికి.

మోర్తాడ్‌లో అక్కా వాళ్ల ఇంటికి స్లాబు వేయాలని దుబాయ్ నుంచి బావ వాడికే పంపాడు. అక్క రూపాయలు తీసుకోవడానికి వెళ్తే వాడు పదిమంది ముందు ఫోను తెర తిప్పి చూపించాడు.

"గిది సూడు చెల్లె. నీ మొగడు పంపింది రెండు అడ్రస్‌లకు పోయింది. రెండూ నాయి కావు. ఆడ ఎవలకు ఇల్లు కడ్తున్నడో గాయన్నే అడుగు."

పక్కన చాయ్ తాగుతున్నవాళ్లు నవ్వారట. అక్క ఇంటికి వెళ్లి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. బావ ఫోను చేస్తే ఎత్తలేదు. మూడు వారాలు ఎత్తలేదు.

నేను మార్కెట్ యార్డులో పసుపు తూచే కాంటా దగ్గర చీటీలు రాస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనే. అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లిష్ కంప్యూటర్ పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు సాయంత్రాలు చదివాను. తర్వాత బావను లావాదేవీ నంబరు పంపమన్నాను. అరవై నాలుగు అక్షరాలూ అంకెలూ కలిసిన వరుస అది. దాన్ని నెట్‌లో కొడితే ప్రపంచంలో ఎవరికైనా ఆ లావాదేవీ మొత్తం కనిపిస్తుంది.

అందులో పేర్లు ఉండవు. ఎందుకు పంపారో ఉండదు. ఒకవైపు, పంపే డబ్బు అంతకుముందు ఏ లావాదేవీలో వచ్చిందో దాని నంబరు, ఆ డబ్బు తనదేనని రుజువు చేసే సంతకం ఉంటాయి. రెండోవైపు ఏ చిరునామాకు ఎంత పోయిందో ఉంటుంది. వచ్చినదాంట్లోంచి పోయినది తీసేస్తే మిగిలే కొంచెం, ఆ లావాదేవీని అందరికీ కనిపించే ఖాతాలోకి ఎక్కించినవాళ్ల కూలి. దానికి వేరే వరుస కూడా ఉండదు, మనమే లెక్కేసుకోవాలి.

వచ్చిన మొత్తాన్ని ముక్క చేసి పంపడం కుదరదు. మోర్తాడ్ బస్సులో ఐదువందల నోటు ఇస్తే కండక్టరు దాన్ని చింపడు, చిల్లర ఇస్తాడు. ఇక్కడా అంతే. మొత్తం ఖర్చవుతుంది, మిగిలింది పంపినవాడికే కొత్త చిరునామాలో తిరిగి వస్తుంది. అక్క కాపురంలో వాడు నిలబెట్టిన ఆడమనిషి నిజానికి బావకు తిరిగొచ్చిన చిల్లర.

మొదటి చిరునామా ఎవరిదో తేల్చడానికి ఇయర్‌ఫోను కొనే నెపంతో వాడి అద్దం ముందు నిలబడ్డాను. ఒక్కో అక్షరం సరిచూశాను. అన్నీ కలిశాయి. ఆ ఇయర్‌ఫోనుకు వాడు ఎక్కువ ధరే చెప్పాడు. సంతోషంగా ఇచ్చాను. ఆ చిరునామాకు చేరిన డబ్బు మూడు రోజులకే మరో లావాదేవీలో ఖర్చయింది. అలా ఖర్చు చేయాలంటే రహస్య తాళంచెవి చేతిలో ఉన్నవాడు సంతకం పెట్టాలి. పెట్టి ఉంది.

అక్కకు ఇదంతా విడమరిచి చెప్పాను. పోలీసు స్టేషనుకు పోదామంది. తర్వాత పోదామన్నాను. నాకు ఆ చోటే కావాలి, నవ్విన ఆ మనుషులే కావాలి.

మా యార్డులో ఒక పద్ధతి ఉంది. రైతు సంతకం పెట్టేముందు కాంటా చీటీని నలుగురికీ వినపడేలా చదవాలి. తప్పుంటే అక్కడే ఆపుతారు. మధ్యాహ్నం పసుపు అమ్ముకున్న రైతులు చాయ్ తాగే వేళకు, ఫోనులో బావను, పక్కన అక్కను పెట్టుకుని ఆ దుకాణం ముందుకు వెళ్లాను.

"ఏం లైబ్రరీ సారూ, ఇయ్యాల ఏం పుస్తకం తెచ్చినవ్?" అన్నాడు దుకాణంవాడు.

"పుస్తకం కాదన్నా, చీటీ. సదువుత. తప్పుంటే ఆపు."

కాంటా దగ్గరి గొంతుతోనే చదివాను. వచ్చింది ఒకటి, పోయినవి రెండు. రెండో చిరునామాను బావ తన ఫోనులో చూసి చివరిదాకా చదివి వినిపించాడు. మొదటిదాన్ని అద్దం మీద చూసి చదవమని ఒక ఆటో అన్నను అడిగాను. ఆయన ఒక అక్షరం, నా కాగితంలోంచి నేను ఒక అక్షరం. పన్నెండో అక్షరానికి దుకాణంవాడు ఆ అట్ట పీకడానికి చెయ్యి చాపాడు.

"ఆగన్నా, ఇంక సగంల ఉన్నం," అని ఆటో అన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అడ్రస్ నాదే గనీ, ఎవలో హ్యాక్ చేసిండ్రు," అన్నాడు వాడు.

"గట్లయితే పోలీసోళ్ల ముందట నీ ఫోన్ తెరువు. సంతకం ఎవలదో గాళ్లే సూస్తరు."

వాడి గొంతు తగ్గింది. "తమ్మీ, లోపలికి రా, మాట్లాడుకుందం."

"బయట అన్న మాట బయట్నే తీస్కోవాలె."

వాడు అక్క వైపు చూడకుండా అన్నాడు. "చెల్లె, నీ మొగడు మంచోడే. పైసలు నాకే వచ్చినయి."

"జర గట్టిగ," అంది అక్క. "చాయ్ తాగేటోళ్లకు ఇనపడలే."

మళ్లీ అన్నాడు. ఈసారి అందరికీ వినపడింది. ఎవరూ నవ్వలేదు. అది నాకు కొంచెం లోటుగానే అనిపించింది.

వారంలోపే రూపాయలు ఇచ్చాడు. స్లాబు పడింది. కానీ ఆ రోజు, అక్కడే, ఫోను పెట్టేసే ముందు బావ మెల్లగా అడిగాడు. "నువ్వు సుత నమ్మినవా?" అక్క ఫోను నా చేతిలో పెట్టి బస్టాండు వైపు నడిచింది. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటారు, పిల్లల చదువు గురించి, సిమెంటు గురించి. మునుపటిలా బావ ఆమెను ఆటపట్టించడు. ఆ మూడు వారాలను ఆ దుకాణంవాడు ఎలా తిరిగి ఇస్తాడు?

వాడి అద్దం మీద ఇప్పుడు ఆ అట్ట లేదు, టేపు మరకలున్నాయి. నేను మాత్రం ఆ రెండు లావాదేవీలను, బావ పంపినదాన్నీ వాడు ఖర్చు చేసినదాన్నీ, ప్రింటు తీయించి, వాడిలాగే లామినేషన్ చేయించి, మా కాంటా పక్కన గోడకు అంటించాను. అందులో ఎవరి పేరూ లేదు కాబట్టి తీసేయమని వాడు అడగలేడు. పసుపు తెచ్చిన రైతులు ఇదేమిటని అడుగుతారు. కాంటా ముల్లు నిలిచేలోపు పేరుతో సహా చెబుతాను.