ఉప్పు చూసే మర్యాద

ఒక్క మాంసం ముక్క నన్ను పాడె దగ్గరిదాకా ఎట్లా ఈడ్చుకుపోయిందో చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి. ఎవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

మా అత్తగారి ఊరు కమలాపురం దగ్గర. ఆ ఇంట పొట్టేలు కోస్తే, కూర దించే ముందు ఓ ముక్క తిని ఉప్పు చూసే మర్యాద పెద్దల్లుడిది. పెద్దల్లుణ్ణి నేను. అయినా ముందటేడు విందులో ఆ ముక్క నా తోడల్లుడు ఓబులేసు చేతిలో పెట్టారు. నేను దొడ్లో కాళ్లు కడుక్కుంటున్నానట! అంతమాత్రానికే!

అందుకే బావమరిది సుబ్బయ్య కొడుక్కి పుట్టువెంట్రుకలు తీసిన నాడు, పొద్దున్నే పొయ్యి పక్కన పీట వేసుకున్నాను. గుండిగ పొంగు పట్టిందో లేదో, వీధి చివర ఓబులేసు బండి గజ్జెలు మోగాయి.

"సుబ్బయ్యా, ముక్క తియ్యి. ఉప్పు చూస్తా."

"ఇంకా ఉడకల్యా బావా."

"ఉడుకు నేనడిగినానా? ఉప్పు చూస్తానంటాండా."

"శానా పచ్చిగా ఉండాది!"

"ముందటేడు గూడా ఇట్లే అన్యాయం చేస్తిరి. తియ్యప్పా!"

ఆకలి రుచెరగదంటారు, పంతం ఉడుకు కూడా ఎరగదు. ముక్క చెప్పుతోలులా సాగింది. ఒక్కదానితో సరిపెడితే మర్యాద తక్కువవుతుందని, ఓబులేసు చూస్తుండగా దొప్పెడు తిన్నాను.

దీపాలు పెట్టే వేళకు కడుపులో గానుగ తిరిగింది. వాంతులు, విరేచనాలు, కాలిపోయే జ్వరం. చుట్టుపక్కల ఊళ్లను కలరా ఊడ్చేస్తున్న రోజులవి. నన్ను మంచంతో సహా పశువుల కొట్టంలోకి మార్చారు. చుట్టాలు భయపడి ఊళ్లకు బండ్లు కట్టారు. తడిక అవతల గుసగుసలు:

"తెల్లారేదాకా ఉంటాడంటావా?"

"కండ్లు లోపలికి పోయినాయప్పా. కష్టమే."

నా భార్య ఒక్కతే లోపలికి వచ్చి, నా పాదాలు రుద్దుతూ ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక పోతున్నానని నాకూ నమ్మకం కుదిరింది. పక్కనే ఎద్దు బుస్సుమంటే యముడి దున్నపోతనుకుని కేక పెట్టాను. ఓబులేసు ముక్కుకు తువ్వాలు కట్టుకుని గుమ్మం బయటే నిలబడి, "అన్నా, ఏమన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు" అన్నాడు. ఎంత తొందరో!

ఆసుపత్రి డాక్టరు జట్కాలో వచ్చి, నాడి చూసి, కడుపు నొక్కాడు.

"కలరా కాదు, తిండి తేడా. పచ్చిమాంసంలో కంటికి కనబడని క్రిములుంటాయి. బాగా ఉడికితేనే చస్తాయి. అదే గుండిగలో తిన్నవాళ్లంతా బాగున్నారు కదా, నీ ఒక్కడికే ఎందుకొచ్చింది?"

నేను గోడవైపు తిరిగాను.

"మేమంతా కూర తింటిమి సామీ," అన్నాడు సుబ్బయ్య. "మా బావ మర్యాద తిన్యాడు."

లేచి నడవగలిగిన రోజున పొయ్యిలో నిప్పు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఉడకని ముక్క ముట్టను. ఆ ఇంట ఉప్పు చూసే మర్యాద ఇప్పుడు ఓబులేసుదే. వాడు తిని, ఒక కునుకు తీసి, బతికి లేచాకే నేను ఆకు ముందు కూర్చుంటాను.