తువ్వాల వేసిన కుర్చీ

జగిత్యాలలో మా ప్రభుత్వ కాలేజీలో ఎంబీఏ పిల్లలకు నేను బాధ్యతాయుత నిర్వహణ చెబుతాను. పేరు బరువుగా ఉంటుంది గానీ సంగతి చిన్నదే. కంపెనీ తన లాభం చూసుకుంటే చాలదు, తన వల్ల ఎవరికి ఏమవుతుందో కూడా చూడాలి. పుస్తకంలోని ఉదాహరణలన్నీ ఎక్కడో సముద్రాల అవతలి ఫ్యాక్టరీలవి. పిల్లలు వాటిని బట్టీ పట్టి, పరీక్షలో అప్పజెప్పి, గేటు దాటేలోపే మర్చిపోతారు. నాకు ఒళ్లు మండేది.

అందుకే ఒకరోజు పిల్లల్ని కంపెనీ డైరెక్టర్లలాగా బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒక కుర్చీ ఖాళీగా ఉంచాను. "మీ నిర్ణయం ఎవరి నెత్తిన పడుతుందో, ఎవరిని మీరు ఈ గదిలోకి పిలవనే పిలవరో, ఆ మనిషి కుర్చీ ఇది" అన్నాను. గల్ఫ్‌లో ఒక కంపెనీ మూతపడుతోంది, కూలీలను ఏం చేయాలన్నది ఆ రోజు సమస్య.

చర్చ మధ్యలో ఒకడు ఆ కుర్చీ మీదికి కాళ్లు చాపబోయాడు. కోరుట్ల అవతలి పల్లె నుంచి వచ్చే అమ్మాయి చటుక్కున లేచి, సంచిలోంచి ఎర్రంచు తువ్వాల తీసి దాని మీద వేసింది.

"మనిషి ఉన్నడు. అస్తడు" అంది.

అందరూ నవ్వారు. మా వైపు బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాల పడిందంటే ఆ సీటు ఆ మనిషిదే. ఎంత రద్దీ ఉన్నా దాన్ని జరిపి కూర్చునేవాళ్లుండరు. "గా తువ్వాల మా ఊర్ల నేసిందే" అన్నాడు సిరిసిల్ల పిల్లవాడు, అంచు చూసి గర్వంగా. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

క్లాసయ్యాక అడిగితే చెప్పింది. వాళ్ల నాన్న గల్ఫ్ పోయిన రోజు కోరుట్ల బస్టాండులో ఆ తువ్వాల వేసే సీటు పట్టుకున్నాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి దాన్ని ఆమె చేతికిచ్చాడు. "సీటు దొరికింది గద బిడ్డా, ఇగ ఇది నీ దగ్గర్నే ఉంచు" అన్నాడు. తరువాత అక్కడి కంపెనీ మూతపడింది. ఎవరెటు పోయారో ఇంటికి చెప్పే నాథుడు లేడు. ఆయన ఫోను ఇప్పటికీ మోగదు. నా పాఠం ఆమెకు పాఠం కాదని తెలిసి నాకు దుఃఖం ఆగలేదు.

ఆమె తీసుకుపోలేదు, తువ్వాల ఆ కుర్చీ మీదే ఉండిపోయింది. కొన్నాళ్లకు నవ్వులు ఆగాయి. ఊడ్చే ఆమె ఆ కుర్చీ దగ్గరికి రాగానే కొంగు సర్దుకుని, దాన్ని కదపకుండా చుట్టూ ఊడ్చి పోయేది. వాదన ఎక్కడన్నా చిక్కుకుంటే పిల్లలందరూ అటు తిరిగి ఊరుకునేవాళ్లు. నేనూ ఊరుకునేదాన్ని. ఆ కాస్తసేపూ ఎవరో మాట కూడదీసుకుంటున్నట్టే అనిపించేది. ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకుని, నల్లబల్ల వైపు తిరిగితే వీపు మీద చూపు తగిలేది.

ఒకసారి మనుషులను విదేశాలకు పంపే కంపెనీ నుంచి ఒక పెద్ద ఉద్యోగి ప్రసంగానికి వచ్చాడు. బాధ్యత గురించి బ్రహ్మాండంగా మాట్లాడతాడని పేరు. గదిలో వేరే ఖాళీ లేక, తువ్వాల పక్కకు జరిపి కూర్చోబోయాడు. క్లాసంతా ఒక్కసారి లేచి నిలబడింది.

"మనిషి ఉన్నడు సార్."

ఎవరూ గొంతు పెంచలేదు. ఆయన నవ్వబోయి, మా మొహాలు చూసి మానేశాడు. ప్రసంగమంతా నిలబడే, ఆ కుర్చీకే చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. పోయేటప్పుడు, బస్సులో కూర్చున్నవాళ్ల మోకాళ్లు తగలకుండా పోయినట్టు, దాని పక్కనుంచి ఒరిగి పోయాడు. దారి కావలసినంత ఉంది.

ఎండాకాలం సెలవుల ముందు ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇంకెన్నొద్దులు సూస్తం, దినాలు చేద్దామంటున్నడు మా పెద్దబాపు. అవ్వ గూడ నిన్న ఒప్పుకున్నది మేడం. మనిషి జాగల పెట్టనీకి బాపు విడిచిన బట్ట కావాల్నట. ఉతకకుంట ఉన్నది గీ తువ్వాల ఒక్కటే."

"తీసుకో బిడ్డా."

"నేనేసిన. నా చేతులతోని తియ్యరాదు. మీరు తియ్యిండ్రి."

ఆ తువ్వాల తీస్తే ఆమె తండ్రి చచ్చిపోయినట్టే. నిర్ణయాలు, బాధ్యతలు అంటూ నోరు నొప్పిపెట్టేలా చెప్పినదాన్ని, నాకు చెయ్యి లేవలేదు. చివరికి ధైర్యం చేసి తువ్వాల అంచు పట్టుకున్నాను. వేళ్లు కింద కుర్చీకి తగిలాయి. 

వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచిన బస్సు సీటు అలాగే ఉంటుంది. కుర్చీ ఉన్నది ఎండ రాని గోడ పక్కన. పొద్దుటి నుంచి ఆ గదికి తాళం ఉంది. ఆ పిల్ల వచ్చాక నేనే తీశాను.

భయంతో చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆమె నా మొహం చూసి, తన అరచేయి తువ్వాల కిందికి పోనిచ్చింది. చాలాసేపు అలాగే ఉంచింది. తరువాత రెండో చేత్తో ఫోను తీసి వాళ్లమ్మకు కలిపింది.

"అవ్వా, పెద్దబాపును దినాలు ఆపుమను. సీటు ఎచ్చగనే ఉన్నది."