తగువు లేదని రాసిచ్చాను

ఒక మనిషి పరిశోధనను ముంచెయ్యాలంటే ప్రయోగశాలకు నిప్పు పెట్టనక్కర్లేదు. పొంగిపొర్లే ప్రేమతో నాలుగైదు వాక్యాలు రాస్తే చాలు. నేను రాశాను, అదీ సొంత బావ మీద! ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా అక్క ఎదుట మాత్రం నవ్వకండి, ఈ విషయంలో ఆవిడకింకా నవ్వు రాదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. రాయపూర్‌లో టాటీబంధ్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లో అమ్మానాన్నలతో ఉండేవాణ్ణి. నాన్న వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆయన మాటలోంచి ఊరు పోలేదు, హిందీ మాత్రం వచ్చి చేరింది. అప్పటిదాకా నేను అచ్చు వేయించిన పరిశోధన వ్యాసం ఒకే ఒక్కటి. దాన్ని చదివినవాళ్ళు ఇద్దరు: నేనూ, మా బావా.

బావ అదే ఊళ్ళో భన్‌పురిలో ఉంటూ వేరే కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. గూడ్సు బండి బ్రేకు బ్లాకులు ఎలా అరుగుతాయన్నది ఆయన పీహెచ్‌డీ. ఏదైనా జర్నల్ ఆయన వ్యాసం ఒప్పుకుంటేనే థీసిస్ తీసుకుంటారు. గడువు ఆ ఏడాదితో సరి.

అలాంటి రోజుల్లో నాకొక మెయిల్ వచ్చింది. ఒక జర్నల్ ఎడిటరు నన్ను రివ్యూయర్‌గా ఉండమన్నారు! నన్ను! కాలేజీ నుంచి ఇంటిదాకా బండి మీద వచ్చానో గాలిలో వచ్చానో గుర్తులేదు.

"అమ్మా! నన్ను రివ్యూయర్‌ని చేశారు!"

"అంటే ఏటిరా?"

"ఎవరైనా వ్యాసం పంపితే, అది అచ్చుకు పనికొస్తుందో లేదో నేను చెప్పాలి."

"నీకెలా తెలుస్తాదిరా?"

అంత తెలివైన ప్రశ్న ఆ వ్యవహారం మొత్తంలో ఇంకెవరూ వెయ్యలేదు. నేను వింటేగా! ల్యాప్‌టాప్ తెరిచి వ్యాసం మీద రచయిత పేరు చూశాను. మా బావ! కుర్చీలోంచి ఎగిరి గెంతాను. ఆయన నా ఏకైక వ్యాసాన్ని అందులో మూడుసార్లు ఉదహరించాడు. ఎడిటరుకు నా పేరు దొరికింది అక్కడేనని తర్వాత తెలిసింది.

మొదట ఒక ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న: రచయితతో మీకు కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ ఏమైనా ఉందా?

"నాన్నా, కాన్‌ఫ్లిక్ట్ అంటే ఏంటి?"

నాన్న యూనియన్ మీటింగుల్లో తలపండిన మనిషి. "తగువురా. మేనేజిమెంటుకీ మనకీ ఉంటాది సూడు, అదే."

"మరి బావతో నాకు తగువుందా?"

"బిల్కుల్ లేదు! ఆగాగు... పోయినేడు నీ కొత్త కళ్ళజోడు మీద కూకున్నాడు గదా?"

నిజమే. నేనసలే నిజాయితీపరుణ్ణి, దాచకూడదు. అందుకని ఇంగ్లీషులో ఇలా రాసిచ్చాను: "రచయితతో నాకు ఎలాంటి తగువూ లేదు. ఆయన మా అక్క భర్త. ప్రతి ఆదివారం నా భోజనం వాళ్ళింట్లోనే. గతంలో కళ్ళజోడు విషయమై చిన్న తగువు వచ్చింది కానీ సామరస్యంగా తీరిపోయింది." దాని కింద నా తీర్పు: "భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకలేదు. మూడో పట్టిక అద్భుతం. వెంటనే అచ్చు వెయ్యగలరు."

విషయం రహస్యంగా ఉంచమన్నారు కాబట్టి ప్రాణం పోయినా చెప్పదలుచుకోలేదు. ఆ ఆదివారం బావ అన్నం కెలుకుతూ, "నా వ్యాసం ఏ మహానుభావుడి సేతిలో పడిందో ఏటో!" అని నిట్టూరుస్తుంటే, ఆ మహానుభావుడు ఎదురుగా కూర్చుని చికెన్ ముక్క కొరుకుతూ మందహాసం చేశాడు.

గురువారం బావ ఫోను. "ఒరే, ఏటి సేసావురా? ఎడిటరు మెయిలెట్టాడు! 'మీ బావమరిదే మీ వ్యాసాన్ని మెచ్చుకున్నారు, ఇది మీరు ముందే మాట్లాడుకున్నదా?' అంటన్నాడు! నేను దొంగననుకుంటన్నాడ్రా!"

ఫోను అక్క లాక్కుంది. "నా సేతి కూడు తిని మా ఆయన పీహెచ్‌డీకే ఎసరెట్టావురా?"

"అక్కా, నేను పొగిడానే!"

"అందుకే గదరా!"

ఆ మెయిళ్ళన్నీ పట్టుకుని మా కాలేజీ సీనియర్ ప్రొఫెసర్ వర్మ మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ కళ్ళజోడు సంగతి దాకా చదివి, నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నారు. "అరే బేటా, యే క్యా కర్ దియా!" అన్నారు, ఎంత పని చేశావన్నట్టు.

తర్వాత హిందీలో నిదానంగా విడమరిచారు. "ఈ కాన్‌ఫ్లిక్ట్ నీకూ మీ బావకీ మధ్య కాదు. నీలో ఉన్న బావమరిదికీ, నీలో ఉన్న రివ్యూయర్‌కీ మధ్య. శత్రువైనా చుట్టమైనా ఆ సంగతి చెప్పి, తప్పుకోవాలి. నువ్వు చెప్పడం బ్రహ్మాండంగా చెప్పావు. తప్పుకోవడమే మరిచావు."

అక్కడే కూర్చుని ఎడిటరుకు క్షమాపణ రాశాను. తప్పు నాది, బావకేమీ తెలియదు, నా తీర్పు చెత్తబుట్టలో వెయ్యండి అని వేడుకున్నాను. నాలుగు రోజులు నాకు తిండి సహించలేదు. ఆదివారం అక్క పెడితేగా అసలు!

ఐదో రోజు జవాబొచ్చింది. "ఇంత విపులంగా చుట్టరికం వెల్లడించిన రివ్యూయర్‌ని నా అనుభవంలో చూడలేదు. మోసం చేసేవాళ్ళు కళ్ళజోడు గురించి రాయరు. వ్యాసాన్ని మరో ఇద్దరికి పంపుతున్నాం."

బతికాం! కానీ ఆ ఇద్దరూ మూడో పట్టికనే పట్టుకున్నారు. సరుకు నింపిన వ్యాగన్ అంకెలూ ఖాళీ వ్యాగన్ అంకెలూ తారుమారయ్యాయి. దాని ప్రకారం బరువు మోసే బండి బ్రేకులు తక్కువ అరుగుతాయి! నాన్న ఆ కాగితం చూసి, "ఏట్రా ఇది? ఫిట్టర్ని, నన్నడిగినా సెప్దును గదా!" అన్నాడు. బావ లెక్కలన్నీ మళ్ళీ చేశాడు. గడువుకు వారం ముందు వ్యాసం ఒప్పుకున్నారు.

"నీ మాట నమ్మి అచ్చేసుంటే జిందగీ అంతా నవ్వులపాలయ్యేవాణ్ణిరా!" అంటూ బావ నన్ను కావలించుకున్నాడు. అక్క మాత్రం ఆ పూట పప్పుతో సరిపెట్టింది.

మరుసటేడు ఇంకో జర్నల్ నన్ను పిలిచింది. రచయిత విజయనగరంలో ఎవరో, పేరైనా విననివాడు. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాను. "రచయిత నాకు తెలియదు. కానీ వారిది మా పక్క జిల్లా. చుట్టరికం ఉందేమో మా నాన్నగారు విచారిస్తున్నారు, ఆయన తేల్చగానే తెలియజేస్తాను" అని రాశాను.

నాన్న మూడు వారాలు జిల్లాలు రెండూ ఫోన్లోనే గాలించాడు. చివరికొక సాయంత్రం విజయగర్వంతో కేకేశాడు. "దొరికాడ్రా! మీ పెద్దత్త తోడికోడలి అన్న కొడుకు!"

ఆ శుభవార్త ఎడిటరుకు ఆగమేఘాల మీద పంపాను. జవాబు వెంటనే వచ్చింది: "అంత దూరపు చుట్టరికం ఫరవాలేదు. అయితే మీ గడువు దాటిపోవడంతో ఆ వ్యాసాన్ని వేరొకరు చూశారు, అది అచ్చయిపోయింది కూడా. మీ నాన్నగారికి మా అభినందనలు."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చుట్టాల వ్యాసం కంటపడితే ఒక్క ముక్కలో సంగతి చెప్పి తప్పుకుంటాను. చుట్టాలు కాని వాళ్ళను చుట్టాలుగా తేల్చే పని మాత్రం ఈ జన్మలో నాన్నకు అప్పగించను.