ఇరవై నాలుగు నంబరు బోల్టు

మేం కరకట్ట మీదికి చేరేసరికి సాయంత్రం నాలుగయింది. వాన ఆగింది, గాలి ఆగలేదు. రెండు లారీలు, ఒక జీపు, మూడు డీజిలు పంపులు, ఒక వెల్డింగు సెట్టు, ఇసుక బస్తాలు. ఇవతల దివిసీమ పొలాలు నీళ్ళ కింద ఉన్నాయి. అవతల సముద్రపు పాయ. మధ్యలో, కట్ట అడుగున, నీళ్ళు పారే ఖానా ఒక్కటే ఉన్న పాత తూము. పోటు వచ్చినప్పుడు దానంతటది మూసుకోవలసిన ఇనుప తలుపు తుఫానులో కొట్టుకుపోయింది. రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళు పొలాల్లోకి వస్తున్నాయి.

ఆర్డరు చిన్నది. తూము మూయాలి. పంపులతో పొలాల నీళ్ళు తోడాలి.

అది తొంభైల చివరి మాట. ఇంజనీర్ల దళంలో నేను లెఫ్టినెంటుని. సైన్యంలో పనిచేశానంటే మా వీధిలో వాళ్ళు సరిహద్దు గురించి అడుగుతారు. నేను చూసిన సరిహద్దు ఈ తూమే. బెజవాడలో మా ఇంటికి రెండు గంటల దూరం.

ఆ బృందంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. తెలుగు వచ్చినదాన్నీ నేనే. జవాన్లు లారీ వెనక గుంపుగా కూర్చుని తినేవాళ్ళు. నా పళ్ళెం విడిగా నా గుడారానికి వచ్చేది. కట్ట మీద నిలబడి రైతులు తిట్టే తిట్లు నాకొక్కదానికే అర్థమయ్యేవి.

"ఏమంటున్నారు మేడం?" అని అడిగేవాడు హవల్దారు. గఢ్వాల్ కొండల మనిషి, మా ఫిట్టరు.

"టీ తాగమంటున్నారు."

"ఇంత కోపంగానా?"

అవతలి వైపు పునాది కింద మట్టి కోసుకుపోయింది, అక్కడ పని చేయలేం. అందుకని ఇనుప రేకుని పొలాల వైపు, ఖానా చుట్టూ గోడలో ఉన్న పాత చట్రానికి బిగించాలి. చిక్కంతా అక్కడే. అవతల పెడితే పోటు రేకుని గోడకేసి అదిమి ఉంచేది, బోల్టులకి పెద్ద పని ఉండేది కాదు. ఇవతల పెడితే పోటు దాన్ని గోడ నుంచి ఊడబెరకాలని చూస్తుంది. ఆపేవి బోల్టులు మాత్రమే.

లెక్క నేనే చేశాను. మీటరు లోతున నీళ్ళు చదరపు మీటరుకి ఒక టన్ను చొప్పున నెడతాయి. నాలుగు మీటర్ల లోతున నాలుగు టన్నులు. రేకు మూడు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు. నిండు పోటులో తూము గడప మీద నాలుగు మీటర్ల నీళ్ళు నిలుస్తాయి. ఇవతల ఎండగట్టేస్తే రేకు మీద మొత్తం ఇరవై రెండున్నర టన్నులు. చట్రానికి పన్నెండు బోల్టులు. అడుగు వరుసలో ఒక్కోదాని మీద మూడు టన్నుల దాకా పడుతుంది. ఇరవై నాలుగు మిల్లీమీటర్ల మందమున్న మామూలు ఉక్కు బోల్టు నాలుగు టన్నులు నిశ్చింతగా మోస్తుంది.

ఊళ్ళో ఎస్టీడీ బూత్ పనిచేస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక సాయిబుగారి కొట్టుకి ఫోన్ చేశాను.

"బోల్టులు కావాలండీ, ఇరవై నాలుగు."

"ఇరవై నాలుగు నంబరేనా అమ్మా?"

"అదేనండీ. పన్నెండు, పైన నాలుగు ఎక్కువ ఇవ్వండి."

"మిలిటరీలో మన తెలుగమ్మాయా! మంచివి ఏరి పంపుతా తల్లీ, బెంగపడకు."

ఆ 'తల్లీ' అన్న మాట కోసమే ఇంకో నిమిషం ఏదో ఒకటి మాట్లాడి ఫోన్ పెట్టేశాను.

లారీ మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి వచ్చింది. సముద్రం బాగా దిగి ఉంది. రేకు బిగించడానికి అదే సమయం. హవల్దారు గోనె విప్పి, ఒక బోల్టు తీసి, రేకు రంధ్రంలో పెట్టి చూశాడు. లొడలొడ ఆడింది. దాని తల అంచుల మీద మాత్రం ఆనింది. సంచిలోంచి స్పానరు తీసి తలకి తొడిగాడు. సరిగ్గా పట్టింది. స్పానరు మీద ఉన్న అంకె నాకు చూపించాడు. ఇరవై నాలుగు.

"కొట్టాయన అబద్ధమాడలేదు మేడం."

ఆటోనగర్‌లో బోల్టు నంబరంటే దాన్ని తిప్పే స్పానరు నంబరు. ఇరవై నాలుగు నంబరు బోల్టు ఒళ్ళు పదహారు మిల్లీమీటర్లే. అది రెండు టన్నులు కూడా నిశ్చింతగా మోయదు.

వేరేవి తెప్పించే వేళ కాదు. పదకొండుకి పోటు నిండుతుంది. రేకు పెట్టకపోతే ఉప్పునీళ్ళు మళ్ళీ వస్తాయి. పెట్టాక ఊడితే తూము గోడని కూడా లాక్కుపోతుంది. రాజమండ్రి వంతెన లెక్కలు చేసిన ప్రొఫెసర్లు నాకు చదువు చెప్పారు. ఒక్కరైనా పక్కనుంటే బాగుండుననిపించింది. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

బోల్టుల్ని పెంచలేను. ఒత్తిడిని తగ్గించగలను. ఇవతల గడప మీద రెండు మీటర్ల మురుగు నీళ్ళున్నాయి. వాటిని తోడకుండా అలాగే ఉంచితే అవి ఎదురు నెడతాయి. అప్పుడు అడుగు వరుస దగ్గర నికరంగా మిగిలే ఒత్తిడి నాలుగు కాదు, రెండు. సగానికి సగం. బోల్టుకి టన్నున్నర. చాలు, చాలీచాలకుండా.

వైర్‌లెస్ ఆపరేటరు మేజరుగారిని కలిపాడు. చెప్పాను.

"నీ లెక్క మీద నీకు నమ్మకముందా? ఓవర్."

"ఉంది సార్. ఓవర్."

"అయితే నిర్ణయం నీదే. ఔట్."

అప్పటికే నడుస్తున్న పంపుల్ని ఆపించాను. పావుగంటలో రైతులు కట్ట ఎక్కారు. ముందు ఒక పెద్దాయన, పంచె మోకాళ్ళ పైకి మడిచి.

"ఏమ్మాయ్, మోటార్లు ఆపించావంట? నీళ్ళు తీయడానికొచ్చారా, నిలబెట్టడానికొచ్చారా?"

"ఈ ఒక్క పోటు దాటనివ్వండి బాబాయిగారూ. ఆ నీళ్ళే రేకుకి ఆనుడు."

"బెజవాడలో కొళాయి తిప్పుకునేదానివి, పోటు సంగతి నీకేం తెలుసు? నాట్లు కుళ్ళిపోతన్నాయ్."

"మురుగులో ఇంకో పూట ఆగుతాయి. ఉప్పు ఇంకా ఎక్కితే ఆగుతాయాండీ?"

ఆయన తూము వైపు చూశాడు. "ఆగవ్," అన్నాడు. వెళ్ళిపోలేదు. అక్కడే గట్టున గొంతుక్కూర్చున్నాడు.

హవల్దారు రేకు ముక్కలు కోసి పెద్ద వాషర్లు చేశాడు. ఏడింటికల్లా పన్నెండూ బిగిశాయి. కానీ రేకుకీ చట్రానికీ మధ్య రబ్బరు పట్టీ ఉంది. బరువు పడేకొద్దీ పట్టీ సర్దుకుని నట్లు వదులవుతాయి. పోటు ఎక్కుతుండగా ఎవరో ఒకరు ఇవతలి నీళ్ళలో ఉండి, తడుముకుంటూ మళ్ళీ బిగించాలి. రేకు ఊడితే ఆ మనిషి దాని ముందే ఉంటాడు.

నేను బూట్లు విప్పాను.

"మీరు మునిగితే లెక్క ఎవరు చేస్తారు మేడం?" అన్నాడు హవల్దారు. అప్పటికే నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. "నాకు కూడికలే రావు."

తూము ముందున్న మెట్టు మీద చంకల లోతులో నిలబడ్డాడు. మునిగేవాడు, ఒక నట్టు తిప్పేవాడు, లేచేవాడు. తాడు రెండో కొస నా చేతిలో ఉంది. తొమ్మిదింటికి అవతలి నీళ్ళు రేకు పై అంచు దాటాయి. పదికి రేకు ఒకసారి కిర్రుమంది. పైకి రమ్మని తాడు లాగాను. అతను రాలేదు. చెయ్యెత్తి ఆగమన్నాడు. చెంప రేకుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అతని తలకి పైన, జానెడు అవతల, సముద్రం. మధ్యలో నేను వేసిన కూడికలు.

ఎంతసేపో చెప్పలేను.

"నిలబడింది మేడం," అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

పదకొండున్నరకి పోటు తగ్గడం మొదలైంది. పెద్దాయన లేచి పంచె దులుపుకున్నాడు. "టీ తాగుతారా?" అన్నాడు. ఈసారి హవల్దారుకి అనువదించి చెబితే నమ్మలేదు. సాయంత్రానికి ముప్ఫై ఆరు నంబరు, అంటే ఇరవై నాలుగు మిల్లీమీటర్ల ఒళ్ళున్న బోల్టులు వచ్చాయి. తర్వాతి పాటులో, సముద్రం దిగాక, మార్చేసి పంపులు వేశాం.

తిరుగు దారిలో బెజవాడలో ఒక గంట ఆగడానికి అనుమతి దొరికింది. యూనిఫాం మీద ఆరిన బురదతో ఇంటికి వెళ్ళాను. "అక్కడ ఏం చేశావే?" అంది అమ్మ, అన్నం పెడుతూ. "తూము మూశాం," అన్నాను. హవల్దారు ఆ ఏడాదే పెన్షను మీద వాళ్ళ కొండలకి వెళ్ళిపోయాడు. కాలం తీరాక నేనూ బయటికి వచ్చాను, పెళ్ళయింది, పాప పుట్టింది.

పాప ఊపిరి వినబడకపోతే నాకు నిద్రపట్టదు. వంగి దాని వీపుకి చెంప ఆనించి వింటాను. అప్పుడు ప్రతిసారీ అతనే కనిపిస్తాడు. చంకల దాకా మురుగునీళ్ళు, ఇనుముకి ఆనిన చెంప, మూసిన కళ్ళు. ఇంకా వింటూనే ఉంటాడు.